కడుపులో దాచిన జ్వరం

లిఫ్టుల వర్క్‌షాపు, స్టోరు గది
ఆపరేషన్ అయిన నాలుగో నెల

చిట్టీ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకోకు. ఫోన్ మీ వదిన చేతిలో ఉంటుంది. ఆసుపత్రి నర్సు ఎప్పుడు ఏం అడుగుతుందోనని వంటగదిలోకి కూడా పట్టుకెళ్తుంది. మా ఇంటి గోడల సంగతి నీకు తెలుసుగా, ఈ గదిలో దగ్గితే ఆ గదిలో మంచినీళ్ళు తెస్తారు. అందుకే స్టోరు గదిలో, బోల్టుల డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నా. జవాబు కూడా వర్క్‌షాపుకే రాయి.

ముందు మంచి కబురు. కిడ్నీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మీ వదినది కదా, పని ఎగ్గొట్టడం దానికి తెలీదు. మూడేళ్ళు మెషిన్ మీద పడుకుని రక్తం కడిగించుకున్నవాణ్ణి, ఇప్పుడు దాహమైతే గ్లాసెడు నీళ్ళు గటగటా తాగుతున్నా. ఆ సుఖం నీకు చెప్పినా అర్థం కాదు.

మీ వదిన పోయిన సోమవారం పనిలో చేరింది. స్కూలు యూనిఫాంల యూనిట్లో రోజంతా బల్ల దగ్గర నిలబడి బట్ట కత్తిరించాలి. కుట్లు పడ్డ వైపు వంగలేదు. మొదటి రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నేలమీద పడుకుంది. "నడుం కాస్త వాల్చాను, అంతే" అంది. గంటసేపు లేవలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు రోజులుగా సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోంది. ఒంటేలుకి వెళ్తే మంట. నర్సుకి చెబితే వెంటనే మంచం ఎక్కిస్తారు. మీ వదిన మళ్ళీ సెలవు పెట్టాలి. ఈసారి ఇవ్వరు, తీసేస్తారు. నాకూ వచ్చే నెలే పరీక్ష: మళ్ళీ లిఫ్టుల రిపేరుకి పైకి ఎక్కడానికి పనికొస్తానో, జన్మంతా ఇలా స్క్రూలు పంచుతూ కూర్చోవాలో కంపెనీ డాక్టరు తేలుస్తాడు.

మీ వదిన పూటపూటా థర్మామీటర్ పెట్టి నోటుపుస్తకంలో రాస్తుంది. నేను ముందే బాత్రూంలోకెళ్ళి చన్నీళ్ళు పుక్కిలించి వస్తున్నా. తొంభై ఎనిమిది దాటడం లేదు.

ఇరవై రెండేళ్ళుగా మందుల షాపులో ఉన్నావు. ఏ మాత్ర వేసుకోవాలో నీకంటే ఎవరికి తెలుసు? ఐదు రోజులకి పంపు. ఈ మాట కడుపులో పెట్టుకో.

అన్నయ్య


మందుల షాపు, కౌంటరు వెనక
నాలుగో నెల

అన్నయ్యా,

నీకు బుద్ధి లేదు. ఈ మాట ఎదురుగా ఉంటే అరిచి చెప్పేదాన్ని, ఉత్తరంలో అరవడం రాదు.

రెండు రోజులు నీ మీద కోపంతో ఊరుకున్నా. మూడో రోజు ఊరుకోలేకపోయా. ఈ కళ్ళద్దాల పెట్టెలో మాత్రలున్నాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఐదు రోజులూ వాడు, తగ్గిందని మధ్యలో ఆపకు. కొత్త కిడ్నీని ఒళ్ళు తిరగ్గొట్టకుండా నువ్వు వేసుకునే మందుతో గొడవపడనిదే చూసి పంపాను. ఆ మాత్రం నాకు తెలుసు. ఇక్కడ అందరూ నన్ను చిన్న డాక్టరమ్మ అంటారు. మా ఓనరు కూడా, "నువ్వుంటే నేను కళ్ళు మూసుకుని షాపు వదిలి వెళ్తాను" అంటాడు. పెట్టెలో పట్టడం లేదని మందు డబ్బాలో ఉండే సూచనల కాగితం తీసేశాను.

ఇదొక్కసారే. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్తానని ఒట్టేసి చెప్పు. వదినతో అబద్ధమాడటం నాకు ఇష్టం లేదు. నిన్న ఫోన్ చేసి, "మీ అన్నయ్య జ్వరం పుస్తకం చూస్తే ముచ్చటేస్తోంది చిట్టీ" అంది. తేలు కుట్టిన దొంగలా ఊఁ కొట్టాను.

చిట్టి


తొమ్మిదంతస్తుల భవనం, లిఫ్టు మెషిన్ గది
ఐదో నెల

చిట్టీ,

పై అడ్రసు చూశావా? స్టోరు గది కాదు! కంపెనీ డాక్టరు గుండె విన్నాడు, కళ్ళు చూశాడు, సంతకం పెట్టేశాడు. పదకొండు నెలల తర్వాత లిఫ్టు నెత్తిన కూర్చుని చీకటి గొట్టంలోకి దిగాను. కింద నీటి చెమ్మ వాసన, తీగలకి పట్టించిన గ్రీజు వాసన. నాతో వచ్చినవాడు, "ఏంటి గురూ, కళ్ళు తుడుచుకుంటున్నావ్?" అన్నాడు. దుమ్ము అన్నా.

నీ మందు మంత్రమేసినట్టు పనిచేసింది. రెండో రోజుకే జ్వరం లేదు, మంట లేదు.

కడుపు మాత్రం కాస్త మొరాయిస్తోంది. రోజుకి నాలుగైదుసార్లు పరుగు. అదేం పెద్ద విషయం కాదు. కానీ మొన్నట్నుంచి వెచ్చదనం మళ్ళీ మొదలైంది. నర్సు ఫోన్ చేసి మలం పరీక్ష ఉంది రమ్మంటే, పని ఒత్తిడి, వచ్చే వారం వస్తానన్నా.

ఈసారి ఇంకాస్త గట్టిది పంపు. ఒట్టు సంగతి గుర్తుంది. కానీ చేరి పది రోజులు కాకుండా మళ్ళీ మంచం ఎక్కితే నన్నెవరు పైకి ఎక్కనిస్తారు? ఇదే ఆఖరు.

అన్నయ్య


ఇల్లు
ఐదో నెల

అన్నయ్యా,

పంపుతున్నాను. ఎందుకు పంపుతున్నానో నాకే తెలీదు.

అమ్మ పోయినప్పుడు నీకు పదహారు. నా స్కూలుకి తల్లిదండ్రుల్ని రమ్మంటే నువ్వొచ్చేవాడివి. గోళ్ళలో గ్రీజుతో, పెద్దవాడిలా కనపడాలని చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని. టీచరు, "నాన్నగారు రాలేదా?" అంటే, "నేనే" అన్నావు. నువ్వడిగితే కాదనడం నేనెప్పుడు నేర్చుకున్నాను?

ఇది గట్టి మందు. వారం రోజులు. కడుపు ఆగకపోతే అసలు ఊరుకోకు. పలుచటి గంజి తాగు, నీళ్ళు తాగు. షాపులో ఈ మందు తీస్తుంటే ఓనరు, "ఎవరికమ్మా?" అన్నాడు. డాక్టరు చీటీ ఉందన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం.

చిట్టి


వర్క్‌షాపు
ఆరో నెల

చిట్టీ,

చేతిరాత వంకరగా ఉంటే ఏమనుకోకు. ఇవాళ మూడో అంతస్తు దాకా మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను.

కడుపు ఆగడం లేదు. పదిసార్లు, ఒక్కోరోజు పన్నెండు. ప్యాంటు బెల్టుకి కొత్త కన్నం పొడిచాను. ఇంట్లో మీ వదిన లేచేలోపే రెండుసార్లు వెళ్ళొస్తాను. నీళ్ళ చప్పుడు వినపడకుండా బకెట్లోంచి మెల్లగా పోస్తాను. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను.

మీ వదిన ఇంకేదో అనుకుంటోంది. ఊరికే బాత్రూంలోకెళ్ళి నోరు పుక్కిలిస్తున్నానని కనిపెట్టింది. నిన్న దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. "తాగుతున్నావా?" అంది. నవ్వొచ్చింది నాకు. నా నవ్వు చూసి ఏడ్చింది. "నా ఒంట్లోంచి తీసి నీకిచ్చాను. దాన్ని తాగుడుకి పోస్తున్నావా?" అంది. లేదని ఒట్టేశాను. ఆ ఒక్కటీ నిజమే కాబట్టి గట్టిగా వేయగలిగాను.

నిజం చెప్పాలంటే ఇప్పుడు భయం జ్వరానికి కాదు. ఇన్నాళ్ళూ దాచానని చెప్పడానికి. మింగలేను, కక్కలేను. ఇంకొక్క వారం మందు పంపు. తగ్గాక ఇదంతా లేనట్టే.

అన్నయ్య


మందుల షాపు
ఆరో నెల

అన్నయ్యా,

మందు పంపడం లేదు. పెట్టెలో సర్ది, అడ్రసు రాసి, మళ్ళీ విప్పేశాను.

మా షాపు పక్క క్లినిక్కులో ఒక డాక్టరమ్మ కూర్చుంటుంది. ఎవరో కస్టమరు సంగతైనట్టు అడిగాను. కిడ్నీ మార్పిడి అయిన మనిషి, రెండుసార్లు సొంతంగా యాంటీబయాటిక్ మింగాడు, కడుపు ఆగడం లేదు, జ్వరం వస్తోంది, ఏం చేయాలి అని. ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది. "ఆ మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడా?" అంది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయట. ఎక్కువ భాగం మనకి మేలు చేసేవే. అవి నిండుగా ఉన్నన్నాళ్ళూ చెడ్డవాటికి కాలు మోపే చోటుండదు. మనం మింగిన మందు చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపుతుంది. ఏ మందుకీ చావని మొండిది ఒకటి మిగిలితే, ఖాళీ అయిన ఇల్లంతా దానిదే. మామూలు మనిషికైతే ఒళ్ళు కాపలా కాస్తుంది. నీకు ఆ కాపలాని కావాలనే నిద్రపుచ్చారు, లేకపోతే వదిన కిడ్నీని పరాయిదని కొట్టి పంపేస్తుంది కదా. ఆ మొండిది పేగు గోడ దాటి రక్తంలోకి వచ్చిందంటే ఆపేవాళ్ళుండరు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదమ్మా, అదే ఇది" అంది.

ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఇలా మూడేసి రోజుల మాత్రలు ఇచ్చి పంపానో.

శుక్రవారం దాకా చూస్తాను. ఈలోపు వదినకి చెప్పి ఆసుపత్రికి వెళ్ళు. వెళ్ళకపోతే నేనే చెబుతాను. నన్ను తిట్టుకో, మాట్లాడటం మానెయ్యి. వెళ్ళు.

చిట్టి


వర్క్‌షాపు
శుక్రవారం కంటే ముందే అందాలని మా కంపెనీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నా

చిట్టీ,

చెప్పేశాను. మీ వదిన పెద్దగా ఏమీ అనలేదు. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాం. నువ్వు ఫోన్ చేసి కదపకు, ఇప్పుడిప్పుడే కుదుటపడింది.

అన్నయ్య


ఆసుపత్రి, అద్దాల గది బయటి వరండా
ఆరో నెల ఆఖరు

అన్నయ్యా,

ఇది నర్సు చేతికిస్తున్నాను. నీ గదిలోకి మమ్మల్ని రానివ్వరు. నీ నోట్లో గొట్టముంది, మాట్లాడలేవు. కళ్ళు తెరిచినప్పుడు చదువు.

"చెప్పేశాను" అని నువ్వు రాసిన ఉత్తరం నా చేతిసంచిలోనే ఉంది. దాన్ని నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉండింది, అందుకని నమ్మాను. శుక్రవారం పోయింది, ఆదివారం పోయింది. మంగళవారం మధ్యాహ్నం షాపుకి వదిన ఫోన్ చేసింది.

"లిఫ్టు గదిలో పడిపోయారట చిట్టీ. చలితో మంచం ఊగిపోతోంది. రక్తపోటు పడిపోయింది. ఏ మందిచ్చినా జ్వరం దిగడం లేదు. ఇదివరకు ఏమైనా వాడారా అని డాక్టర్లు అడుగుతున్నారు. ఈయన లేదని తల ఊపుతున్నారు. నీకేమైనా తెలుసా?"

ఎదురుగా ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు. నాకు వినపడటం లేదు.

"తెలుసు వదినా" అన్నాను.

"ఏం తెలుసు?"

చెప్పాను. ఎప్పుడెప్పుడు ఏమేం పంపానో, థర్మామీటరు సంగతి, పన్నెండుసార్ల సంగతి, అంతా. వదిన ఫోన్ డాక్టరుకిచ్చేసింది. ఆయన కోప్పడలేదు. "మందుల పేర్లు మెల్లగా చెప్పండి, రాసుకుంటున్నాను" అన్నాడు. రెండో పేరు చెప్పగానే, "అయితే మేమిస్తున్నది కూడా ఈ జాతిదే, అందుకే పనిచేయడం లేదు" అని పక్కనున్నవాళ్ళకి ఏదో చెప్పాడు.

నేను వచ్చేసరికి మందు మార్చారు. నీ పేగుల్లో ఆ మొండి క్రిమి తప్ప ఇంకేదీ దాదాపు మిగల్లేదట. రక్తంలోనూ అదే ఉందట. కిడ్నీని కాపాడే మందులన్నీ ఆపేయాలన్నారు, నీ ఒంటి కాపలా మళ్ళీ లేవాలి కదా. ఆపితే ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడుతుంది. "కిడ్నీ పోవచ్చు, మనిషి దక్కొచ్చు" అన్నారు. వదిన కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి డాక్టరుకిచ్చింది. నా వైపు చూడలేదు.

ఒక మాట నీకు చెప్పాలి. మందు డబ్బాలోని కాగితం తీసేసింది పెట్టెలో పట్టక కాదు. దాన్లో రాసుంది: విరేచనాలు ఆగకపోతే మందు ఆపి డాక్టరుని కలవండి అని. అది చదివితే నువ్వు భయపడి వేసుకోవనుకున్నాను. నా మందు తప్పని నీకు అనిపించకూడదనుకున్నాను. చిన్న డాక్టరమ్మని కదా.

బతుకు అన్నయ్యా. తర్వాత ఏమైనా అను.

చిట్టి


ఆసుపత్రి, జనరల్ వార్డు
ఏడో నెల

చిట్టీ,

బతికాను. పెన్ను పట్టుకునే ఓపిక నిన్ననే వచ్చింది.

కళ్ళు తెరిచి నీ ఉత్తరం చదివినప్పుడు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. కాగితం గురించి కాదు. చెప్పేసినందుకు. నా పరువు నా చెల్లెలే తీసిందనుకున్నా. మనిషికి చావు దగ్గరికొచ్చినా సిగ్గు ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడు.

నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నేనూ ఒప్పుకోవాలి. నువ్వు పంపిన మందు రెండుసార్లూ నేను పూర్తిగా వాడలేదు. ఒళ్ళు తేలికపడగానే ఆపేసి మిగతావి పనిముట్ల సంచిలో దాచాను, మళ్ళీ అవసరపడతాయని. నువ్వు మూడోసారి పంపనన్నాక అవే మింగాను. పడిపోయిన రోజు పొద్దున కూడా మింగాను. డాక్టరుతో చెబితే, "మొండివాటికి ఇంతకంటే మంచి తర్ఫీదు ఉండదు" అన్నాడు. కాబట్టి పాపమంతా నీ తలకి ఎత్తుకోకు. సగం కంటే ఎక్కువ నాదే.

కిడ్నీ పోయింది. వాచి, లోపల రక్తం కారుతుంటే పోయిన బుధవారం తీసేశారు. మళ్ళీ మెషిన్ మీద పడుకుంటున్నా, వారానికి మూడుసార్లు. నీళ్ళు మళ్ళీ కొలిచి తాగుతున్నా.

మీ వదిన రోజూ వస్తుంది. గంజి తెస్తుంది, దుప్పటి మారుస్తుంది, మూత్రం గొట్టం సంచి చూస్తుంది. అందులో ఏమీ ఉండదు, అయినా చూస్తుంది. అలవాటు. నిన్న జ్వరం నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది, పెన్సిలు ఇచ్చింది. "ఇందులో అబద్ధమైన రోజులకి గీత పెట్టు" అంది. "ఇప్పుడెందుకు?" అన్నా. "నాకు తెలియాలి" అంది. కూర్చుని పెట్టాను. నలభై ఒక్క రోజులు. ఆమె ఒక్కో పేజీ తిప్పి చూసుకుంది. ఒకచోట ఆగి, "ఈ రోజు నేను పని నుంచి వస్తూ నీకోసం ఆపిల్ పండ్లు కొన్నాను. కిడ్నీకి మూడు నెలలు నిండాయని" అంది. "కాదు, నాలుగు" అన్నా. ఎందుకన్నానో. ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తాగుతున్నావా అని ఆమె అడిగిన రోజు చెప్పి ఉంటే కిడ్నీ దక్కేదేమో అని డాక్టరుని అడిగాను. ఆయన నా పట్టిక మీద ఏదో రాసుకుంటూ, "అవన్నీ ఇప్పుడు ఆలోచించకండి" అన్నాడు. దక్కేదన్నమాట.

అన్నయ్య


ఇల్లు
ఎనిమిదో నెల

చిట్టికి,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది చదవకుండానే చించాను. రెండోది చదివాను.

క్షమించమని రాశావు. ఆ మాట మీ అన్నయ్య కూడా రోజూ అంటున్నారు. అన్నప్పుడల్లా ఆయన్ని నేనే ఓదార్చాల్సి వస్తోంది. నువ్వు కూడా అనకు. ఇద్దర్ని ఓదార్చే ఓపిక నాకు లేదు.

తీసేశాక దాన్ని ఎక్కడ పెట్టారని నర్సుని అడిగాను. పరీక్షకి పంపామంది. తర్వాత ఏం చేస్తారంటే చెప్పడానికి ఇబ్బంది పడింది. కాల్చేస్తారట. సరే అన్నాను. ఇంటికొచ్చి నా కుట్ల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆకలేసింది, తిన్నాను.

నీ కిడ్నీ ఇస్తానని రాశావు. డాక్టరుని అడిగాను. మీ అన్నయ్య పేగుల్లో ఆ మొండిది ఇంకా ఉందట. అది పలచబడి మంచివి మళ్ళీ నిండాలి, ఏడాదైనా పట్టొచ్చు, అసలు పోకపోవచ్చు కూడా అన్నారు. ఈలోగా ఆపరేషన్ చేస్తే మళ్ళీ ఇదే కథ. కాబట్టి ఈ మాట మీ అన్నయ్యతో అనకు. ఆశ పెట్టుకుంటారు. నువ్వు ఇస్తానన్నది ప్రేమతోనో, తప్పు చేశానన్న బాధతోనో నాకు తెలీదు. నీకు కూడా తెలిసి ఉండదు. ఏడాది టైముంది, ఆలోచించుకో.

షాపు ఓనరుకి అంతా చెప్పేశావని, చీటీ లేనిదే ఇక మాత్ర ఇవ్వనని చెబితే కస్టమర్లు గొడవ పడుతున్నారని రాశావు. పడనీ.

నా మాటొకటి. ఫోన్లో నేను అడగ్గానే తెలుసు అన్నావు చూడు, ఆ ఒక్క మాటవల్ల మనిషి మిగిలాడు. అది నేను మర్చిపోలేదు. మిగతాది కూడా మర్చిపోలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఏం చేయను.

యూనిట్లో నా చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. వేరేచోట దొరికింది, సోమవారం నుంచి వెళ్ళాలి. సోమ, బుధ, శుక్రవారాలు ఆయన్ని మెషిన్ దగ్గరికి తీసుకెళ్ళి నాలుగు గంటలు కూర్చుని తీసుకురావడానికి మనిషి కావాలి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి, ఒంటరిగా పంపలేను. సెలవు పెట్టుకుని రా. నాతో మాట్లాడాలని చూడకు. కొన్నాళ్ళు మాట్లాడలేను. కానీ రా.

నువ్వొచ్చేసరికి నేను పనిలో ఉంటాను. తాళం ఎదురింటి టైలరమ్మ దగ్గర ఉంచుతాను. గంజి పొయ్యి మీద ఉంటుంది, వేడి చేసి ఆయనకి పెట్టి, నువ్వు కూడా తిను.

వదిన